ఒక్క ఇంటిని పట్టుకోండి: మంచం పట్టినవారికి, ఒంటరి పెద్దలకు తోడుండే పరిచర్య మొదలుపెట్టడం ఎలా?

"మేమూ ఏదైనా చేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" సంఘాల్లో ఈ మాట ఎప్పుడూ వింటూనే ఉంటాం. చాలాసార్లు ఆ ఆశ క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడంతో ఆగిపోతుంది. దుప్పటి అవసరమే, కాదనను. కానీ జనవరిలో ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లెవరు?

నా సలహా ఒక్కటే. నలుగురు కలిసి ఒక్క ఇంటిని ఎంచుకోండి, ఏడాది పాటు వదలకండి. భక్తి అంటే దిక్కులేనివారిని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది. పరామర్శ అంటే ఒకసారి వెళ్లి పలకరించి రావడం కాదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసి ఉండటం, తెలిశాక తోడు నిలబడటం.

పక్షవాతం, వృద్ధాప్యం, కాన్సర్ వంటివాటితో మంచం పట్టినవారు, ఒంటరిగా ఉండే పెద్దలు ఉన్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. వైద్యం డాక్టరు పని, అది మన చేతిలో లేదు. మనం చేయగలిగిన పనులు మాత్రం చాలానే ఉన్నాయి.

1. వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి

ఈ మూడు మాటల మీద జట్టంతా ఒప్పుకున్నాకే బయల్దేరండి.

- ఆ ఇంటివారిది ఏ మతమైనా, ఏ కులమైనా సాయంలో తేడా ఉండదు. యేసు చెప్పిన కథలో గాయపడ్డ మనిషిని సమరయుడు ఏ ఊరివాడివని అడగలేదు.
- సాయానికి బదులుగా ఏమీ ఆశించం. ఆదివారం గుడికి రమ్మనడం, కరపత్రం చేతిలో పెట్టడం ఇందులో ఉండవు.
- ఫొటోలు, వీడియోలు, స్టేటస్‌లు వద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనక్కర్లేదని ప్రభువు చెప్పిన మాట ఫోన్ కెమెరాకూ వర్తిస్తుంది.

రెండో దాని గురించి కొందరు వాదిస్తారు, సువార్త చెప్పకపోతే ఎలా అని. ఆకలితో, నొప్పితో ఉన్న మనిషి కాదనలేని స్థితిలో ఉంటాడు. ఆ స్థితిలో అతన్ని దేనికీ ఒప్పించకూడదు. ఎందుకు వస్తున్నారని వాళ్లంతట వాళ్లు అడిగిన రోజున దాచకుండా జవాబు చెప్పండి.

2. జట్టు, పుస్తకం, బియ్యం

ఒక్కరే మొదలుపెట్టకండి. యేసు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు, అది ఈ రోజుకీ మంచి పద్ధతే. కనీసం నలుగురు కావాలి, వారిలో ఇద్దరు స్త్రీలు. రోగి స్త్రీ అయితే స్నానం, బట్టలు మార్చడం స్త్రీలే చూడాలి. మగ రోగిని ఎత్తడానికి, పక్కకు తిప్పడానికి ఇద్దరు మగవాళ్లుండాలి.

పెద్ద సంఘమైతే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చదవండి. రోజువారీ భోజనం పంచేటప్పుడు కొందరు విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు వచ్చింది. ప్రార్థనతోనే సరిపెట్టుకోకుండా అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని ప్రత్యేకంగా నియమింపజేశారు. మీ పాస్టరు గారికే అన్నీ అప్పగించకండి, పేర్లతో బాధ్యతలు పంచుకోండి.

ఒక నోటుపుస్తకం కొని ఐదు గళ్లు గీయండి: తేదీ, వెళ్లినవారు, చూసింది, కావలసింది, ఎవరు ఎప్పటిలోగా చేస్తారు. ఈ ఐదో గడి ఖాళీగా ఉంటే ఆ పని జరగదు. ఇంటివారి జబ్బు వివరాలు ఉంటాయి కాబట్టి పుస్తకం ఒకరి దగ్గరే భద్రంగా ఉండాలి. ప్రార్థన కూటంలో చదివి వినిపించకూడదు.

డబ్బు విషయానికొస్తే, పెద్ద చందాల కోసం ఎదురుచూడక్కర్లేదు. పల్లె సంఘాల్లో ఉన్న పిడికెడు బియ్యం పద్ధతి చక్కగా పనికొస్తుంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో వేస్తారు. పిడికెడు సుమారు 50 గ్రాములనుకుంటే, రెండు పూటలకు రోజుకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. పది ఇళ్లు కలిస్తే 30 కిలోలు. ఒంటరి పెద్దలిద్దరికి నెలంతా సరిపోయి ఇంకా మిగులుతుంది.

3. ఏ ఇంటికి?

మన కంటికి కనిపించేవాళ్లు కొందరే. అసలు అవసరం ఉన్నవాళ్లు చాలావరకు బయటికి రాలేరు. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును అడగండి. కిరాణా కొట్టు ఆయనకు ఎవరింట్లో సరుకులు తగ్గాయో తెలుసు. రేషన్ డీలరుకు వేలిముద్ర వేయడానికి రాలేకపోతున్నది ఎవరో తెలుసు.

మీరు నడిచి వెళ్లగలిగే ఇంటినే ఎంచుకోండి. ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఊరిమీద ప్రేమ ఉండొచ్చు గానీ వానాకాలంలో ఆ ప్రేమ రోడ్డెక్కదు.

4. మొదటి రోజు

సరుకుల సంచితో వెళ్లకండి. తెలిసినవాళ్లను, ఆశా కార్యకర్త అయితే మరీ మంచిది, ముందు పెట్టుకుని ఇద్దరే వెళ్లండి. "మామ్మ గారూ, బాగున్నారా, కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగి, మంచం పక్కనే వాళ్ల కళ్లకు ఎదురుగా కూర్చోండి. నిలబడి మాట్లాడితే పడుకున్న మనిషి మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది.

మాట్లాడుతూ ఈ విషయాలు గమనించండి, పరీక్షించడానికి వచ్చినట్టు మాత్రం కాదు:

- తాగే నీళ్లు చేతికి అందేంత దూరంలో ఉన్నాయా?
- మాత్రల అట్టల మీద ఏ గడువు తేదీ ఉంది? ఎన్ని మిగిలాయి?
- మూత్రానికి, విరేచనానికి ఎలా వెళుతున్నారు? ఎవరు తీస్తున్నారు?
- రాత్రి పిలిస్తే పలికేవాళ్లున్నారా?
- మంచం నులకదా, పట్టెదా, పరుపు ఉందా?

వచ్చేముందు "మీకు అన్నింటికన్నా కష్టంగా ఉన్నదేంటి?" అని అడగండి. మీరు ఊహించినది కాకపోవచ్చు. బియ్యం కావాలంటారనుకుంటే, తల దువ్వేవాళ్లు లేరంటారు. కిటికీ వైపు మంచం జరపమంటారు. ఆ చెప్పిన పనే ముందు చేయండి.

మాటిచ్చేముందు ఆలోచించండి. "మళ్లీ వస్తాం" అనే బదులు "బుధవారం సాయంత్రం అయిదింటికి వస్తాం" అనండి. బుధవారం అయిదింటికి అక్కడుండండి.

5. వారం వారం చేసే పనులు

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. ప్రేమతో పాటు పనితనం కూడా కావాల్సింది ఇక్కడే. వీలైతే మొదటి రెండు వారాలు ఏఎన్ఎం గానీ నర్సు గానీ పక్కనుండి చూపించేలా అడగండి.

*పక్కలు తిప్పడం.* కదలలేని మనిషి ఒకే వైపు గంటల తరబడి పడుకుంటే ఎముక ఉబ్బెత్తుగా ఉన్న చోట చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. తల వెనుక, భుజాలు, మోచేతులు, నడుం కింది ఎముక, తుంటి, మడమలు రోజూ చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే చర్మం ఇంకా బాగానే ఉంది. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి చర్మంలో ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి ఆ చోటు వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తాకి చూడండి.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వారానికోసారి వెళ్లే మీరు అది చేయలేరు. అందుకే ఇంట్లో ఉన్నవాళ్లకు నేర్పండి, గోడకు కాగితం అంటించండి: 6కు కుడివైపు, 8కి వెల్లకిలా, 10కి ఎడమవైపు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చేయండి. నులక మంచమైతే మందపాటి బొంత వేయండి. డబ్బు కూడితే గాలి పరుపు కొనండి, అయినా పక్కలు తిప్పడం మానకూడదు.

ఎర్రబడిన చోట నూనె పెట్టి గట్టిగా రుద్దకండి, లోపలి కండ దెబ్బతింటుంది. తెరుచుకున్న పుండు మీద పసుపు, పౌడరు, స్పిరిట్ వేయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి నర్సును పిలవండి.

*మనిషిని లేపకుండా దుప్పటి మార్చడం.* ఇద్దరు కావాలి. ఒకరు రోగిని తనవైపు పక్కకు తిప్పి భుజం, తుంటి దగ్గర పట్టుకోవాలి. రెండోవాళ్లు పాత దుప్పటిని పొడవుగా చుట్టుకుంటూ రోగి వీపు దాకా తేవాలి. కొత్త దుప్పటి సగం పరచి, మిగతా సగం చుట్ట చేసి పాతదాని పక్కనే ఆనించాలి. ఇప్పుడు రోగిని మెల్లగా ఆ రెండు చుట్టల మీదుగా ఇటువైపు తిప్పి, పాతది లాగేసి, కొత్తది పరచాలి. ముడత ఒక్కటి కూడా మిగలకుండా అరచేత్తో సరిచేయండి, ఆ ముడతే రేపు చర్మాన్ని కోస్తుంది. తిప్పేముందు ప్రతిసారీ "అమ్మా, ఇప్పుడు ఇటు తిప్పుతున్నాం" అని చెప్పండి. మాట పడిపోయిన మనిషికి కూడా చెప్పండి, మాట పోయినంత మాత్రాన చెవులు పనిచేయడం మానవు.

*తినిపించడం.* పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టండి. ముందుది మింగాకే తర్వాతి ముద్ద. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. పక్షవాతం వచ్చినవారు తాగగానే దగ్గుతుంటే, గొంతు గరగరమంటుంటే ఆపి డాక్టరుకు చెప్పండి.

*నోరు, గోళ్లు, తల.* చిన్న పనులుగా కనిపిస్తాయి గానీ మనిషికి మనిషిననే భావన ఇచ్చేవి ఇవే. తల దువ్వి జడ వేయండి. గోళ్లు తీయండి. షుగర్ ఉన్నవారి కాలిగోళ్ల జోలికి మాత్రం పోకండి, చిన్న గాయం పెద్దదవుతుంది.

*మాత్రలు.* డోసు మార్చడం, ఆపడం, ఇంకొకరి మందు ఇవ్వడం మన పని కాదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు అగ్గిపెట్టెల్లో సర్దిపెట్టడం, అయిపోకముందే తెచ్చివ్వడం మన పని. చదువు రాని ఇంట్లో పెట్టె మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీస్తే చాలు.

6. చూసుకుంటున్న మనిషిని మరవకండి

వెళ్లిన ప్రతివారూ మంచం మీద ఉన్న మనిషినే పలకరిస్తారు. ఆ పక్కనే ఏడాదిగా సరిగ్గా నిద్రపోని కోడలో, కూతురో, భార్యో ఉంటుంది. ఆమెను ఎవరూ "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడగరు.

నా లెక్కలో ఈ పరిచర్యలో అన్నింటికన్నా విలువైనది ఆమెకిచ్చే రెండు గంటల సెలవు. ఆ రెండు గంటలు మీరు రోగి దగ్గరుండండి, ఆమె ఎక్కడికైనా వెళ్లనివ్వండి. సంతకు, పుట్టింటికి, ఆస్పత్రికి, లేదా ఉత్తినే పక్కగదిలో నిద్రకు. తిరిగొచ్చాక ఏం చేశావని అడగకండి. చేసే తీరులో లోపాలుంటే మొదటి నెల చెప్పొద్దు. కలిసి పనిచేస్తూ చేతులతో చూపించండి.

రోజూ ఏడుపొస్తోంది, నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు అని ఆమె అంటే తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

7. కాగితాలు

ప్రభుత్వం ఇచ్చేది అందేలా చూడటమూ పరిచర్యే. మీ జట్టులో ఫారాలు నింపడం తెలిసిన ఒకరికి ఈ పని అప్పగించండి.

- ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 కేటగిరీ ఉంది, దానికి వైద్య ధ్రువీకరణ కావాలి. గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.
- తెలంగాణలో వృద్ధులకు, వితంతువులకు ఇస్తున్న పింఛను 2,016, దివ్యాంగులకు 4,016.
- దివ్యాంగుల పింఛనుకు వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్) ఉండాలి. స్లాట్ దొరకడం ఆలస్యమవుతుంది, ముందే పెట్టించండి. శిబిరానికి తీసుకెళ్లే బండి, తోడు మీరు చూసుకోండి.
- 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆధార్‌తో చేయించవచ్చు.
- టీబీ రోగికి చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. పడకపోతే ఆస్పత్రిలో బ్యాంకు వివరాలు సరిచూపించండి.
- కాన్సర్ నొప్పి భరించలేనప్పుడు "ఇంతే, ఓర్చుకోవాలి" అనకండి. నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగాలున్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే కాన్సర్ ఆస్పత్రిలో ఉంది. తెలంగాణ జిల్లాల్లో ఇంటికొచ్చి చూసే బృందాల గురించి ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి.

హెచ్చరిక: వాళ్ల ఏటీఎం కార్డు, పిన్, పాసుపుస్తకం, పొలం కాగితాలు మీ దగ్గర పెట్టుకోకండి, వాళ్లు బతిమాలినా సరే. డబ్బు తెచ్చివ్వాల్సి వస్తే ఇద్దరు వెళ్లి, లెక్క పుస్తకంలో రాసి, ఇంటివారితో సంతకమో వేలిముద్రో వేయించండి.

8. ప్రార్థన

అడిగి చేయండి. "మీకోసం ప్రార్థన చేయమంటారా?" అన్నప్పుడు వద్దంటే చిరునవ్వుతో సరేనండి. ఇంటికొచ్చి చేసుకోండి.

సరేనంటే రెండు నిమిషాలు, మెల్లని గొంతుతో చేయండి. రోగి పేరు చెప్పి, ఆ రోజు వాళ్లు చెప్పిన బాధను చెప్పి, ముగించండి. గోడమీద వేరే దేవుళ్ల పటాలుంటే వాటి గురించి ఒక్క మాటా అనకండి.

"మీ పాపం వల్లే ఇది", "విశ్వాసం చాల్లేదు" అన్న మాటలు రానివ్వకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదన్నాడు యేసు. అలాగే, ప్రార్థన చేశాం కదా, ఇక మందులు మానేయమని జట్టులో ఎవరు చెప్పినా ఆ మాటను అక్కడే ఖండించాలి. దీనివల్ల ప్రాణాలు పోతాయి.

9. తరచూ జరిగే పొరపాట్లు

*వండి తీసుకెళితే తినలేదు.* కొందరు ఇతరులు వండినది తినరు. నొచ్చుకోవద్దు, పట్టుబట్టొద్దు. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు ఇవ్వండి. లేదా వాళ్ల పొయ్యి మీదే, వాళ్లు చెప్పినట్టు వండండి.

*మొదటి నెల పదిమంది, నాలుగో నెల ఒక్కరు.* ఉత్సాహం తగ్గడం సహజం. అందుకే మొదట్లోనే ఒక్కొక్కరికి నెలలో రెండు వారాలే పెట్టండి, ఒకరు ఊరెళితే ఎవరు వస్తారో ముందే రాయండి. నలుగురు పోగా మిగిలిన ఆరుగురిని రెండో ఇంటికి పంపాలనే తొందర ఆరు నెలలు ఆపుకోండి.

*కొడుకులు పట్టించుకోవడం మానేశారు.* మీరున్నారనే ధైర్యంతో ఇలా జరుగుతుంది. నింద వేయకుండా వాళ్లకొక చిన్న పని అప్పగించండి: "అన్నా, నెల మందులు మీరు తేండి, మిగతాది మేం చూస్తాం." కావాలనే వదిలేసినా, తిండి పెట్టకపోయినా, కొడుతున్నా పెద్దల హెల్ప్‌లైన్ 14567కు చెప్పండి. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్‌లో పోషణ అడిగే హక్కు వారికుంది. ప్రాణాపాయమైతే 112.

*ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఎవరైనా పెంచుకుంటారంటున్నారు.* పిల్లల్ని ఎవరి చేతుల్లోనూ పెట్టకండి, తెలిసిన హోమ్‌లో చేర్చడమైనా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బాలల సంక్షేమ కమిటీ ద్వారానే అది జరగాలి. మేలు చేయాలనుకుని చట్టం తప్పిన విశ్వాసులున్నారు, పిల్లలు నలిగిపోయారు.

10. ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సినవి

ఈ పట్టీని ఆ ఇంటి తలుపు వెనుక అంటించండి.

- మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఏ టైమ్‌కు మొదలైందో రాసుకోండి. రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది.
- ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి.
- పుండు నుంచి దుర్వాసన, చీము, దానితో జ్వరం.
- రోజంతా మూత్రం రాకపోవడం.
- పిలిస్తే పలకకపోవడం. షుగర్ ఉన్నవారు చెమటలు పట్టి వణుకుతుంటే, స్పృహ ఉంటేనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ వేయకండి.

11. చివరి రోజులు, ఆ తర్వాత

కొన్ని ఇళ్లలో నయం కాదు. అప్పుడు చేసేది తగ్గుతుంది, ఉండటం పెరుగుతుంది. పెదాలు తడి గుడ్డతో తుడవండి. చెయ్యి పట్టుకుని కూర్చోండి. మాటలు వెతుక్కోనక్కర్లేదు.

ప్రాణం పోయాక అంత్యక్రియలు ఆ కుటుంబం ఆచారం ప్రకారమే జరగనివ్వండి. కుర్చీలు, నీళ్లు, వచ్చినవాళ్లకు టీ, దూరాన ఉన్న బంధువులకు ఫోన్లు మీరు చూసుకోండి. పెద్దకర్మ రోజున వెళ్లండి.

ఆ తర్వాత మిగిలే పనులు ఇవి:

- మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ నమోదు చేయించాలి. ధ్రువపత్రం నాలుగైదు కాపీలు తీసుకోండి.
- భర్త పోతే భార్యకు వితంతు పింఛను దరఖాస్తు పెట్టించాలి.
- మిగిలిన మందులు వేరేవాళ్లకు పంచకుండా మందుల షాపులోనో ఆస్పత్రిలోనో అప్పగించాలి. గాలి పరుపు, బెడ్‌పాన్ కడిగి ఎండబెట్టాలి, మరొకరికి పనికొస్తాయి.
- మిగిలిన మనిషి దగ్గరికి అదే బుధవారం, అదే అయిదింటికి కనీసం మూడు నెలలు వెళ్లాలి. చుట్టాలు వెళ్లిపోయిన రెండో వారంలో ఆ ఇంట్లో వంట మానేస్తారు. ఆ వారం తప్పకుండా వెళ్లండి, వెళ్లి మీరే పొయ్యి వెలిగించండి.